పన్నెండు మీటర్లు ఎక్కువ

పోయినవి మొత్తం పద్దెనిమిది. సాక్సులు తొమ్మిది, అన్నీ ఒంటివే, జతగా పోయినది ఒక్కటీ లేదు. చేతిరుమాళ్లు నాలుగు. బనియన్లు రెండు. లుంగీ ఒకటి. తువ్వాల ఒకటి. చిన్నపిల్ల టోపీ ఒకటి, గులాబీ రంగుది, చెవులు కప్పేది. ఏడు నెలల్లో, ఎనిమిది మంది ఉన్న రూంలో, ఒకే వాషింగ్ మిషన్ దగ్గర పోయినవి ఇవి. ఏది ఏ నెలలో పోయిందో కూడా నా నోటుబుక్కులో ఉంది.

ఈ పద్దెనిమిదినీ నేను ఒకే మనిషి ఖాతాలో వేశాను. ఆ మనిషి ఊళ్లో చనిపోయాడని పోయిన శుక్రవారం తెలిసింది. నోటుబుక్కు తీసి చూసుకున్నాను. నా రాతే. కూడిక కూడా తప్పు లేదు.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. లెక్కలు నేర్చుకున్నది సైట్ల మీద. మొదట ఇటుకలు, తర్వాత ఇనుప చువ్వలు, ఆ తర్వాత టైల్స్. ఇప్పుడు మస్కట్లో ఒక కంపెనీ స్టోరు నా చేతి కింద ఉంది. స్టోరు చూసేవాడికి ఒక అలవాటు వస్తుంది. వస్తువు తక్కువైతే అది ఎక్కడికి పోయిందని అడగడు, ఎవరి దగ్గరికి పోయిందని అడుగుతాడు. అరలు వెతకడానికి ముందే మనుషుల ముఖాలు చూస్తాడు.

రూంలో ఆయనను అందరూ కాకా అనేవాళ్లు. నాకంటే పదమూడేళ్లు పెద్ద. ప్లంబర్. మెట్‌పల్లి దిక్కు మనిషి. ఊరి గురించి అంతకంటే ఎక్కువ చెప్పేవాడు కాదు. పొట్టివాడే కానీ చేతులు మాత్రం పొడుగు మనిషివి. మోచేతుల నుంచి వేళ్ల దాకా నరాలు తాళ్లలా ఉండేవి. ఏ ఇంట్లో పనికి వెళ్లినా మొదట నల్లా తిప్పి, నీళ్లు అరచేతిలో పట్టి, నాలుక కొనకు తాకించి చూసేవాడు. "ఈ నీళ్లకు నురుగు రాదు" అనో, "ఈ నీళ్లు మంచియి" అనో ఒక మాట చెప్పి, ఆ తర్వాతే పానా పట్టుకునేవాడు. పైపు బాగు చేయడానికి వచ్చినవాడికి నురుగుతో పనేమిటి అని నాకు అప్పుడే అనిపించింది. అనిపించినవన్నీ నేను మనసులో రాసి పెట్టుకుంటాను.

ఇంకొకటి. సాయంత్రం మేం డ్యూటీ నుంచి వచ్చి చొక్కాలు విప్పితే, దూరం నుంచి చూసే ఎవరు ఏం పని చేసి వచ్చారో చెప్పేవాడు. "గంగాధర్, నువ్వు ఇయ్యాల మెట్ల కాడ గోడకు పట్టీ కొట్టినవు." "పటేలా, ఇయ్యాల సిమెంటు లారొచ్చినట్టున్నది." పటేలా అనేది నన్ను. నేను లెక్కలు రాస్తానని వెక్కిరింతగా పెట్టిన పేరు అది. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి, కానీ మన బట్టలను అంతగా చూసే మనిషి ఇంకా ఏమేం చూస్తున్నాడో అనుకునేవాణ్ణి.

మా ఇల్లు హమ్రియాలో. పాత ఇల్లు. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక పొడుగాటి వాకిలి. వాకిలి చివర గోడకు ఆనుకుని ఒక చిన్న కొట్టం. ఇంటాయన తండ్రి ఒకప్పుడు అందులో మేకలను కట్టేవాడట. గోడకు ఇనుప కడియాలు అప్పటికీ ఉన్నాయి. రేకు కప్పు, ఒక కిటికీ, ఒక తలుపు. మేం అందులో పాత బకెట్లు, విరిగిన మంచాలు పడేసేవాళ్లం.

ఐదేళ్ల కింద అల్ ఖువైర్‌లో ఒక ఆఫీసు కుటుంబం ఇండియాకు వెళ్లిపోతూ వాషింగ్ మిషన్ అమ్మింది. ముందు వైపు గుండ్రటి తలుపు ఉండే రకం. మేం ఎనిమిది మందీ వాటాలు వేసుకుని కొన్నాం. తెచ్చింది మా రూంలోనే ఉండే హైదరాబాదు డ్రైవర్ ఖాజా భాయ్, తన కంపెనీ పికప్‌లో. దించి తిన్నగా వంటింట్లోకి తీసుకుపోబోతే కాక తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"వంటింట్ల వద్దు."

ఖాజా భాయ్ చెమటలు కక్కుతున్నాడు. "కైకు నక్కో కాకా? నల్ ఇధర్, ప్లగ్ ఇధర్. క్యా ఛత్ పే రఖ్నా ఇస్కో?" నల్లా, ప్లగ్గు ఇక్కడుంటే డాబా మీద పెట్టాలా అని.

"కొట్టంల పెడదాం. పైపు నేను ఏస్త."

"ఆ మేకల కొట్టంలనా!" అని గంగాధర్ నవ్వాడు. గంగాధర్ పెయింటర్, జగిత్యాల పిల్లగాడు, మాలో అందరికంటే చిన్నవాడు. "ఏంది కాకా, మిషన్‌కు గడ్డేస్తవా?"

"నువ్వు వండేటప్పుడు నీ పక్కన ఎవని చెడ్డీలో తిరుగుతుంటే నీకు మంచిగుంటదా?" అన్నాడు కాక. "దేని జాగ దానికుండాలె."

ఇది ఆయన మాట. పప్పు డబ్బా ఉప్పు డబ్బా దగ్గర ఉన్నా అదే మాట, చెప్పులు తలుపు లోపల ఉన్నా అదే మాట.

నేను టేపు తీశాను. వంటింటి నల్లా నుంచి వంటింటి మూల దాకా రెండు మీటర్లు. అదే నల్లా నుంచి కొట్టం దాకా పద్నాలుగు. మధ్యలో సిమెంటు వాకిలి, పగలగొట్టాలి. మురికి నీళ్లకు వేరే కాలువ తీయాలి. కరెంటు వైరు వేరే లాగాలి. సబ్బు ముక్క అరిగిపోతే దాన్ని కొత్త సబ్బుకు అతికించి వాడే మనిషి ఆయన. అటువంటి మనిషి రెండు మీటర్ల పని వదిలేసి పద్నాలుగు మీటర్లు తవ్వుతానంటున్నాడంటే, ఆ పన్నెండు మీటర్లలో ఏదో ఉంది.

ఇంటాయన వచ్చాడు. తెల్లటి పొడుగు అంగీ, డిష్‌డాషా వేసుకుని, కొట్టం వైపు చూసి, "లేష్?" అన్నాడు. ఎందుకు అని. కాకకు అరబ్బీ పది మాటలు వస్తే ఎక్కువ. వంటిల్లు చూపించి "మత్బఖ్ నజీఫ్" అన్నాడు, వంటిల్లు శుభ్రంగా ఉండాలని. ఆ పెద్దమనిషి కాసేపు కాక ముఖం చూసి, నవ్వి, తల ఊపి వెళ్లిపోయాడు. ఆయనకు ఏం అర్థమైందో కానీ, నాకేమీ అర్థం కాలేదు.

మూడు శుక్రవారాలు కాక ఒక్కడే పని చేశాడు. వాకిలి కోశాడు, పైపు పరిచాడు, పైన సిమెంటు పూశాడు. కొట్టం కడిగాడు. ఇనుప కడియాలకు ఈ గోడ నుంచి ఆ గోడకు తీగ కట్టాడు. మిషన్ కింద నాలుగు ఇటుకలు, మట్టం సరిచూసి. ఆఖరున తలుపుకు తాళం వేశాడు.

"తాళం ఎందుకు కాకా?" అన్నాను.

"పిల్లులు వస్తయి పటేలా."

హమ్రియాలో పిల్లులున్న మాట నిజమే. తాళంచెవి మాత్రం ఆయన మొలతాడుకు ఉండేది.

శుక్రవారం మధ్యాహ్నం అన్నాలు తిని అందరం పడుకుంటే కాక కొట్టంలో ఉండేవాడు. మిషన్ తిరిగే చప్పుడు వచ్చేది. తర్వాత ఇంకో చప్పుడు. తడి చొక్కాను భుజాల దగ్గర పట్టి ఒక్కసారి దులిపితే పటాకు పేలినట్టు ఉండేది. ఒకటి, రెండు, మూడు. నేను మంచం మీద పడుకుని లెక్కపెట్టేవాణ్ణి. ఎవరూ చూడకుండా మా అందరి బట్టలతో ఈ మనిషికి ఒంటరిగా ఏం పని? ఒకసారి లేచి వెళ్లాను. నేను తలుపు దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఉన్న చొక్కా తీగ మీద వేసేసి, ఖాళీ చేతులు వెనక పెట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నవు కాకా?"

"ఏం లేదు. మిషన్ ఆగిందా లేదా చూస్తున్న."

అబద్ధం అని తెలుస్తూనే ఉంది. మిషన్ ఆగి అరగంట అయింది. నేను గడియారం చూసే వచ్చాను.

రెండో నెలలో మొదటి సాక్సు పోయింది.

ఇక్కడ వంటింటి సంగతి చెప్పాలి. ఎనిమిది మందికీ వంతులు. డ్యూటీ డబ్బాల కోసం పొద్దున ఒక వంట, సాయంత్రం ఒక వంట. ఎనిమిది రోజుల్లో మనిషికి రెండు. ఈ వంతుల పట్టిక నేనే రాసి వంటింటి తలుపు వెనక అంటించాను. కాక వంతు వచ్చిందంటే పక్క రూంల వాళ్లు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు. పచ్చిపులుసు చేస్తే దాన్ని నీళ్లలా తాగేవాళ్లం. తలకాయ కూర వండిన రోజు ఖాజా భాయ్ ఎక్కడున్నా ట్రిప్పు ముగించుకుని వచ్చేవాడు. "కాకా, ఆప్ ప్లంబరీ ఛోడో, హోటల్ ఖోలో" అనేవాడు.

కాక వంతు కాని రోజున కూడా వంటింట్లోనే ఉండేవాడు. పెయింటు డబ్బా బోర్లించి, పొయ్యి పక్కన, లోపలి గోడకు ఆనుకుని కూర్చుని ఉల్లిగడ్డలు కోసేవాడు. గడప దగ్గర గాలి వస్తుంది, అక్కడ కూర్చో అంటే కూర్చునేవాడు కాదు. తినేటప్పుడు కూడా వడ్డించి చివరికి తినే రకం కాదు. అందరితో పాటే, వరసకు మధ్యలో కూర్చునేవాడు. వండినవాడికి అంత తొందరేమిటి అని దాన్ని కూడా నేను ఆయన లెక్కలోనే వేశాను.

మూడో నెలలో స్టోరులో నిచ్చెన మీద నుంచి పడి నా కుడి మణికట్టు విరిగింది. కట్టు ఆరు వారాలు, తర్వాత బరువు ఎత్తకూడనివి రెండు వారాలు. యాభై ఆరు రోజులు, ఏడు వంతుల చుట్లు, పద్నాలుగు వంటలు. పద్నాలుగూ కాకే చేశాడు. నేను అడగలేదు. మొదటి రోజు పొద్దున లేచేసరికి నా డబ్బా కట్టి ఉంది.

ఎందుకు చేస్తున్నాడో నాకు అంతుపట్టలేదు. ఊరికే ఎవరూ ఏమీ చేయరు. రాతలో ఉండాలని ఎడమ చేత్తో నోటుబుక్కు తీసి 'సాయం' అని రాయబోయాను. కాక భుజం మీది నుంచి చూస్తున్నాడు. ఆయనకు కూడబలుక్కుని చదవడం వచ్చు.

"సాయం అని రాయకు పటేలా. బదులు అని రాయి."

బదులు అంటే మా దిక్కు వ్యవసాయంలో ఉన్న పద్ధతే. నాట్లకు నువ్వు మా పొలానికి ఒక రోజు వస్తే, కలుపుకు నేను మీ పొలానికి ఒక రోజు వస్తాను. కూలి ఇచ్చేది లేదు, పుచ్చుకునేది లేదు. రోజుకు రోజు.

"నీ చెయ్యి బాగైనంక నా వంతులు నువ్వు చెయ్యి. పద్నాలుగంటే పద్నాలుగు. ఒక్కటి తక్కువైనా ఒప్పుకోను."

దాన్ని కొట్టేసి 'బదులు' అని రాశాను. ఆయన ఆ మాటను వేలితో ఒకసారి తాకి చూశాడు. సిరా ఆరిందా లేదా అని చూస్తున్నాడనుకున్నాను.

ఈలోపు వస్తువులు పోతూనే ఉన్నాయి. ఒక సాక్సు, ఒక రుమాలు, ఇంకో సాక్సు. కాక ఒకరోజు నా దగ్గరికి వచ్చాడు. "మిషన్ కడుపుల ఏదో ఉన్నది పటేలా. తిరిగేటప్పుడు సప్పుడు మారింది. ఎవరినన్నా పిలిచి విప్పిచ్చి చూద్దాం."

నడుస్తున్న మిషన్‌ను విప్పడం ఎందుకు, విప్పితే మళ్లీ నడుస్తుందో లేదో అన్నాను. లోపల మాత్రం అనుకున్నది వేరు. తప్పు చేసినవాడే ముందుగా ఇంకొకరి మీదికి తోస్తాడు. ఇక్కడ తోయడానికి మనిషి దొరక్క మిషన్ మీదికి తోస్తున్నాడు.

నా చెయ్యి బాగైంది. కాక వంతులు మూడు నేను వండాను. నేను వండుతుంటే ఆయన తన డబ్బా మీద కూర్చుని, "ఉప్పు జర చూస్కో పటేలా" అంటూ మహా సంతోషంగా ఉండేవాడు. తన వంతు ఇంకొకడు చేస్తుంటే అంత సంబరపడ్డ మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఏడో నెలలో గంగాధర్ టోపీ పోయింది.

గంగాధర్‌కు బిడ్డ పుట్టి ఐదు నెలలు. వాడు ఇంకా చూడలేదు. ఎవరో వస్తుంటే వాడి భార్య ఆ పిల్ల టోపీ ఒకటి పంపింది. దిండు కింద పెట్టుకునేవాడు. ఒకరోజు దాని మీద టీ ఒలికింది. తన బట్టలతో పాటు మిషన్‌లో వేశాడు. బట్టలు వచ్చాయి, టోపీ రాలేదు. పది రోజులకు ఇంటి నుంచి ఫోను, పిల్లకు నాలుగు రోజులుగా జ్వరం, పాలు తాగడం లేదని.

అది శుక్రవారం. కాక కొత్తిమీరకు బజారుకు పోయాడు. గంగాధర్ మంచం మీద కూర్చుని తన చొక్కాలన్నీ విప్పి పరిచాడు. "అన్నా, ఇటు రా. ఇది జూడు."

కాలరు లోపల, కుట్టు పక్కన, నల్లటి చుక్కలు. గోరంత కూడా లేవు. ఒక గీత, దాని పైన రెండు చుక్కలు. ప్యాంట్ల నడుము పట్టీ లోపల కూడా అవే. నేను పోయి నా చొక్కా చూశాను. ఒక గీత, పైన మూడు చుక్కలు. ఖాజా భాయ్‌వి చూశాం. గీతకు అడ్డంగా ఇంకో గీత. ఎనిమిది మందివీ చూశాం. ఎవరివి వాళ్లకే వేరు. కాకవి మాత్రం ఖాళీ.

ఖాజా భాయ్ తన చొక్కాను మంచం మీద పడేసి చేతులు తుడుచుకున్నాడు. "యే అచ్ఛీ బాత్ నై హై భాయ్."

మా దిక్కున బట్టలు మాయమై, పిల్లలకు జ్వరాలు వచ్చి, ఎక్కడో నల్లటి గుర్తులు కనిపిస్తే, దానికి ఒక పేరు ఉంది. ఆ పేరు ముందుగా అన్నది గంగాధరే. "బాణామతి అన్నా ఇది."

నేను బాణామతిని నమ్మను. కానీ నా నోటుబుక్కులో పద్దెనిమిది ఉన్నాయి. కొట్టం ఆ రోజు తాళం లేకుండా ఉంది. లోపలికి పోయాను. సబ్బు పొడి డబ్బా వెనక ఒక రేకు డబ్బా దొరికింది. మూత తీస్తే తొమ్మిది జీడిగింజలు, తినేవి కాదు, నల్లజీడివి, కొన నల్లబడ్డ సూది ఒకటి. మా ఇంట్లో జీడిగింజ అంటే దిష్టికే. మా అమ్మ దాన్ని సూదికి గుచ్చి, దీపం మీద కాల్చి, చుట్టూ తిప్పేది. తీసేవాళ్ల దగ్గర ఉండే వస్తువే పెట్టేవాళ్ల దగ్గర కూడా ఉంటుందని చిన్నప్పటి నుంచి విన్నదే. నా వెన్ను చల్లబడింది. నమ్మనివాడి వెన్ను కూడా చల్లబడుతుంది.

డబ్బా తెచ్చి వంటింట్లో గట్టు మీద పెట్టాను. అందరూ చేరారు. కాక కొత్తిమీర, పుదీనా కవరుతో వచ్చాడు. డబ్బాను చూసి ఆగిపోయాడు.

"దీన్ని ఈడికెందుకు తెచ్చినవు?" అన్నాడు నాతో. గొంతు మారింది. "వంటింట్లకు తేవద్దు దాన్ని. దాని రసం అంటితే ఒళ్లు పొక్కుతది. తియ్యి, బయట పెట్టు."

"ఎందుకున్నయి ఇవి నీ కాడ?"

"గుర్తుకు."

"ఏం గుర్తుకు?"

"బట్టల గుర్తుకు పటేలా. అన్నీ నీలం డ్రెస్సులే. కలిసిపోతున్నయి. ఎవరియి వాళ్లకు పోవాలె గద."

"నీకెవరు చెప్పిండ్రు?" గంగాధర్ ముందుకొచ్చాడు. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మా బట్టలతోని నీకేం పని? మాకు దాసిపెట్టి గుర్తులేసుడేంది? నువ్వేమన్న మా చాకలోనివా?"

కాక చూపు వాడి మీద నుంచి పొయ్యి మీదికి, అక్కడి నుంచి తన పెయింటు డబ్బా మీదికి, ఆఖరున గడప మీదికి పోయింది. కవరు పట్టుకున్న చేతి నరాలు లేచి కనిపిస్తున్నాయి.

"కాదు" అన్నాడు. "నేను ప్లంబర్ను."

"మరి నా బిడ్డ టోపీ ఏది?"

"నాకెరుకలేదు కొడుకా. మిషన్ విప్పిచ్చి చూడుండ్రి."

పట్టిక నాది కాబట్టి అందరూ నా వైపు చూశారు. నేను పెన్ను తీసి తలుపు వెనక ఆయన పేరు మీద గీత కొట్టాను. "పిల్ల జ్వరం తగ్గేదాక నువ్వు వండకు కాకా. లోపలికి రాకు. ఊకె మనసుల అనుమానం ఎందుకు?" మెత్తగానే అన్నాను. నా గొంతు మెత్తగా ఉందని నాకు గుర్తుంది.

ఆ సాయంత్రం గంగాధర్ వంతు. కాక వాకిట్లో నిలబడి ఉన్నాడు. గంగాధర్ కంచంలో అన్నం కూర పెట్టి, గడప లోపల నుంచే చెయ్యి చాపాడు. కాక ఆ కంచం వైపు చూశాడు. తీసుకోలేదు. చెప్పులేసుకుని వీధిలోకి పోయాడు.

రెండు రోజులకు పిల్ల జ్వరం తగ్గింది. ఐదు నెలల పిల్లకు ఆరు రోజుల జ్వరం దానంతట అదే తగ్గుతుందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం, చూశారా, ఆయనను వంటింట్లోంచి తీయగానే తగ్గింది అనుకున్నాం. గీత కొట్టిన పేరు మళ్లీ రాయలేదు. ఆయన తొమ్మిది రోజులు ఆ ఇంట్లో మెతుకు ముట్టలేదు. బయట రొట్టె, టీ. నేను లెక్కపెట్టాను. నేను అన్నీ లెక్కపెడతాను.

పదో రోజు ఇబ్రిలో వేరే పని చూసుకుని పెట్టె సర్దుకున్నాడు. కొట్టం తాళంచెవి మొలతాడు నుంచి విప్పి నాకిచ్చాడు. తీగ మీద అందరి బట్టలూ మడిచి, ఎవరివి వాళ్లకు వేరుగా పెట్టి ఉన్నాయి. పట్టించుకోనట్టుగా ముఖం పెట్టి, "కాకా, మన బదులు లెక్క ఉండిపోయింది, పదకొండు" అన్నాను. మనిషి పోతున్నాడు కాబట్టి కొట్టేయమంటాడనుకున్నాను.

"ఉన్నది" అన్నాడు. "రాసే ఉంచు పటేలా. కొట్టెయ్యకు. ఇబ్రి ఏమంత దూరం? ఎప్పుడన్న వచ్చి వండిపెట్టు."

నేను పోలేదు. ఇబ్రికి మా కంపెనీ లారీ నెలకు రెండుసార్లు పోతుంది.

పోయిన నెలలో మిషన్ ఆగిపోయింది. కేరళ మెకానిక్ ఒకడు వచ్చి కొట్టంలో దాన్ని బోర్లించి విప్పాడు. లోపలి డ్రమ్ముకు, బయటి తొట్టికి నడుమ సందు ఉంటుందట. గుండ్రటి తలుపు రబ్బరు ఒకచోట చిరిగి ఉంది. అందులోంచి చిన్న వస్తువులు జారి తొట్టి అడుక్కు పోతాయట. చెయ్యి పెట్టి ఒక్కొక్కటే తీసి నేల మీద వేశాడు. నల్లగా, జిగటగా ఉన్నాయి. నేను కడిగి లెక్కపెట్టాను. సాక్సులు ఎనిమిది, రుమాళ్లు నాలుగు, ఒక టోపీ. గులాబీ రంగని పట్టి చూస్తే తెలిసింది. ఫోటో తీసి గంగాధర్‌కు పంపాను. వాడు ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాడు. చూసినట్టు ఫోనులో నీలం టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు.

పదమూడు దొరికాయి. ఐదు దొరకలేదు. అప్పుడు కూడా నా బుద్ధి ఎటు పోయిందో దాచను. మరి ఆ లుంగీ సందులో ఎట్లా పడుతుంది, బనియన్లు ఎట్లా పడతాయి అనుకున్నాను. గాలికి గోడ అవతలికి పోయి ఉంటాయని ఖాజా భాయ్ అన్నాడు. కావచ్చు. ఆ ఐదింటికీ నా దగ్గర లెక్క లేదు.

పోయిన శుక్రవారం, రూంలోకి కొత్తగా వచ్చిన మనిషి వాకిట్లో చొక్కా ఆరేస్తున్నాడు. పైపుల పనివాడే, మెట్‌పల్లి దిక్కే. కాలరు తిరగబడి ఉంది. లోపల ఒక గీత, దాని కింద రెండు చుక్కలు. నా చేతిలో టీ గ్లాసు ఉంది. కింద పెట్టాను.

"ఇది ఎవరు పెట్టిండ్రు?"

"ఇదా అన్నా? మా ఊర్ల ఇస్త్రీ షాపాయన. రజకులు. జీడిగింజ రసంతోని పెడుతరు, ఎన్నిసార్లు ఉతికినా పోదు. మా ఇంటి గుర్తు ఇది. ఇంటికో గుర్తు ఉంటది వాళ్ల కాడ." తర్వాత తనే అన్నాడు. "ఆయన అన్న కూడ ఈడ మస్కట్లనే చేసిండు. ప్లంబర్. ఊరికొచ్చిండు, మొన్న రెండు నెలల కింద పోయిండు పాపం. ఛాతిల నొప్పని."

పోలికలు అడిగాను. పొట్టి మనిషి, పొడుగు చేతులు. ఆయనే.

"నాకు పైపు పట్టుడు నేర్పిందే ఆయన" అన్నాడు కొత్త మనిషి. "వాళ్లమ్మ ఇల్లిల్లు తిరిగి బట్టలు తీస్కపోయేదంట. పొద్దుగూకంగ గిన్నె పట్టుకొని వచ్చి నిలవడితే, మా నాయనమ్మ గడప లోపట నుంచే అన్నమేసేది. ఆయన చిన్నగున్నప్పుడు ఆమె వెంట వచ్చేటోడంట. మస్కట్ పోయొచ్చినంక ఎవరింటి ముంగట నిలవడలే. బట్టల మూట ముట్టలే. ఒక్కసారి మాత్రం చెప్పిండు నాకు, మస్కట్ల నేను ఒకాయనతోని బదులు జేసిన అని. నవ్వినం మేం."

"ఎందుకు నవ్విండ్రు?"

"వాళ్లతోని ఎవరు బదులు జేస్తరన్నా? మా ఊర్ల వాళ్ల పనికి కళ్లంల గింజలు కొలిచేటోళ్లు, అంతే. ఆయన చెప్తే ఎవరు నమ్మలే."

నా దగ్గర అప్పటి చొక్కా ఇంకా ఒకటి ఉంది. గీత, పైన మూడు చుక్కలు. అది చెరగలేదు. దాన్ని ముందర పెట్టుకుని కూర్చుంటే, అడగాల్సిన ప్రశ్న ఒకటే కనిపించింది. గంగాధర్ ఆ రోజు అడిగినదే, నువ్వేమన్న మా చాకలోనివా అని. ఔను అని ఒక్క మాట అంటే ఆయన బయటపడేవాడు. చుక్కలకు, సూదికి, గింజలకు అన్నిటికీ అదే జవాబు. ఆ మాట అన్నాక మా ఎనిమిది మంది బట్టలు ఎవరి చేతికి పోయేవో, అన్నం ఏ వైపు నుంచి వచ్చేదో ఆయనకు తెలుసు. అందుకే కాదన్నాడు. నేను టేపుతో కొలిచిన ఆ పన్నెండు మీటర్లు ఆయన బట్టల ఉతుకును దూరంగా పెట్టి, వంటింట్లో తన చోటు కోసం తవ్వుకున్నవి. అయినా కలిసిపోయిన బట్టలను చూస్తే చేతులు ఊరుకోలేదు.

సెలవు మీద వచ్చే నెల ఊరికి పోతున్నాను. మెట్‌పల్లి మా ఊరికి గంటన్నర దారి. ఆయన భార్య ఉందట. వెళ్లి, ఒక పూట మీ ఇంట్లో వండుతాను అంటే ఆమె నన్ను వంటింట్లోకి రానిస్తుందో, గడప బయటే నిలబెడుతుందో తెలియదు. నిలబెడితే నిలబడాలి.

నోటుబుక్కులో ఆ పద్దెనిమిదిని ఆయన ఖాతాలోంచి కొట్టేశాను. దాని వెనక పేజీ అలాగే ఉంది. పైన ఎడమచేతి వంకర రాతలో 'సాయం' అని సగం, దాన్ని కొట్టేసి 'బదులు'. చేసినవి పద్నాలుగు. తీర్చినవి మూడు. ఇప్పటికీ ఉన్నవి పదకొండు.